పదకొండడుగుల నీడ

పొద్దున ఎనిమిదింటికి నొబుయే షట్టరెత్తుతుంది. ఆ చప్పుడుకు వీధి చివర రొట్టెల కొట్టాయన ఉలిక్కిపడి రోజూ ఒక రొట్టె మాడ్చుకుంటాడు. పదహారేళ్ళుగా అలా మాడిన రొట్టెలన్నీ వరసగా పేరిస్తే జపాన్ సముద్రంలోని సాదో దీవి దాకా వంతెన కట్టొచ్చు. షట్టరయ్యాక గాజు బీరువా తుడవాలి, వీడియో ఆటల క్యాసెట్ల మీద దుమ్ము ఊదాలి, గైడు పుస్తకాలు దొంతి పెట్టాలి. గైడంటే ఏ గుహలో ఏముందో, ఏ రాక్షసుణ్ణి ఎలా చంపాలో పూసగుచ్చి చెప్పే లావుపాటి పుస్తకం. ఒక్కోటి తలగడంత ఉంటుంది. చివరగా గుమ్మంలో సుద్దగీత గీయాలి.

ఆ గీత, పుస్తకం కొనకుండా నిలబడి చదివేసేవాళ్ళ కోసం. గైడు చదివినవాళ్ళ నీడ, ఎండ ఎటునుంచి కొట్టినా సరే, మనిషికంటే ముందు నడుస్తుంది కదా. పేజీకి ఒక అడుగు. మూడు నాలుగు రోజులకు గాని మళ్ళీ మడమల కిందికి రాదు. మనిషి లోపలుండగా నీడ గీత దాటిందంటే, "ఏమోయ్, నాలుగు పేజీలు చదివావు, పుస్తకం కొంటావా, మీ అమ్మకు చెప్పనా?" అని నొబుయే కేకేస్తుంది. ఆ కేకకు స్టేషన్లో రైలాగిన రోజులు కూడా ఉన్నాయి.

కొట్టు ఉమెకో గారిది. ఎనభై మూడేళ్ళు, పిట్టంత ఒళ్ళు, పంటి కింద బియ్యపు అప్పడం పెట్టిందంటే పక్క వీధికి వినబడుతుంది. ఆగస్టులో ఓబోన్ పండగ కాగానే వేడినీటి ఊటల ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంది. కొట్టు ఎవరికి? పదహారేళ్ళు చాకిరీ చేసి, ఆ మేడమీద గదిలోనే బతుకుతున్న నొబుయేకా? లేక నగోయాలో ఉద్యోగం పోగొట్టుకుని, ఒక సంచీ, ఒక గొడుగుతో ఊడిపడ్డ ఆ చెల్లెలి కొడుకు రియోజికా?

ఉమెకో గారు ఇద్దరి చేతుల్లో చెరో క్యాసెట్టు పెట్టింది. ఆట పేరు 'ఏడు రేవులు'.

"గైడు ముట్టుకోకుండా, ఎవర్నీ అడక్కుండా ఎవరు ముందు పూర్తి చేస్తే తాళంచెవి వాళ్ళది. కొట్లో నిలబడే మనిషి రుచి చెప్పాలి గాని కథ చెప్పకూడదు. అంతా తెలుసుకుని వెళ్ళినవాడికి ఏం రుచి తెలుస్తుంది?"

నలభై ఏడేళ్ళ నొబుయేకు ఆ గది తప్ప మరో చూరు లేదు. ఉన్నదల్లా తొయామాలో అన్నగారిల్లు. ఆ ఇల్లు తలుచుకుంటేనే ఆమె వీపు దానంతటది వంగేది.

ఈ 'ఏడు రేవుల'కు మొదలంటూ లేదు. ఏ రేవు నుంచైనా బయల్దేరొచ్చు. నువ్వు ఒక రేవులో వలలు కుట్టుకుంటుంటే ఇంకో రేవులో ఓడ వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయిందని చెప్పే నాథుడుండడు. నొబుయే ప్రతి ఇంటి తలుపూ తట్టి, ప్రతి మాటా నోటు పుస్తకంలో రాసుకునేది. నలభై గంటలాడినా రెండో రేవు దాటలేదు.

సోమవారం కొట్టుకు సెలవు. ఆ రోజు ఇద్దరూ లెక్కచెప్పాలి.

"నేను మూడో రేవులో ఉన్నాను పెద్దమ్మా," అన్నాడు రియోజి, చల్లటి బార్లీ టీ తాగుతూ. "ఉప్పు గోదాము గోడ వెనక మెట్లున్నాయి. దిగితే వెండి ఓడ దొరికింది."

నొబుయే చేతిలో గ్లాసు ఆగిపోయింది. "గోడ వెనకా? నీకెలా తెలిసింది?"

"ఏమో అక్కా. దొరికింది."

"గోడలు ఊరికే దొరుకుతాయా? నాకెందుకు దొరకవు?"

"మీరు ఆటలో కూడా ఇళ్ళన్నీ సర్దుతారు కదా, తీరికేదీ?" అని నవ్వాడు.

ఆ నవ్వు నొబుయే గొంతులో చేపముల్లులా దిగింది. ఇక ఆమెకు నిద్రాహారాల్లేవు. నీడ చూస్తే తేలిపోతుంది. కానీ వానాకాలం పట్టింది! ఆ ఏటి వాన సంగతేం చెప్పను, రోడ్డు మీద చేపలు ఎడమ పక్కగా క్రమశిక్షణతో వెళ్ళేవి. ఎండ లేదు, నీడ లేదు. అదీగాక రియోజి ఎప్పుడొచ్చినా గొడుగు ముడవడు, గోడవారనే నడుస్తాడు. ఎందుకు గోడవార? ఎందుకంత పెద్ద గొడుగు? ఒకరోజు ఫ్యూజు పోయిందని అబద్ధమాడి, బల్ల కింద టార్చిలైటు పెట్టి అతని కాళ్ళ మీద వేసింది.

"ఏం వెతుకుతున్నారక్కా?"

"సూది."

"బల్ల కింద కుడతారా?"

కూర్చున్న మనిషి నీడ ఎటు నడుస్తుంది? ఏమీ తేల్లేదు.

అప్పుడు నొబుయే గుడ్డబొమ్మలు కట్టింది. తెల్లగుడ్డ ముక్కలో దూది ఉండ పెట్టి, మెడకు దారం చుట్టి చూరుకు వేలాడదీస్తే వాన వెలుస్తుందని ఆ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందరూ విహారయాత్ర ముందు ఒకటి కడతారు. నొబుయే నలభై కట్టింది. దుప్పటి అయిపోతే దిండు గలీబులు చింపింది.

"బట్టలారట్లేదా?" అని అడిగింది చేపల కొట్టావిడ.

"ఒక మనిషి ఆరాలి," అంది నొబుయే పళ్ళ మధ్య నుంచి.

మరుసటి సోమవారం రియోజి అయిదో రేవులో ఉన్నాడు. నొబుయే తట్టుకోలేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉమెకో గారు కునుకు తీస్తుంటే కొట్లోకి దిగి, దొంతిలోంచి 'ఏడు రేవుల' గైడు లాగింది. ఆట కోసం కాదు, ఆ దొంగ ఏ పేజీ చూసి చెబుతున్నాడో పట్టుకోవాలి. అంతే. ఒక్క పేజీ. ఉప్పు గోదాము పేజీ.

పేజీలో ఇలా ఉంది: 'ఉప్పు గోదాములో ఏమీ లేదు. సమయం వృథా చేయకుండా ముందుకు సాగండి.'

నొబుయే కళ్ళు నులుముకుంది. నమ్మకం కుదరక పక్క పేజీ తిప్పింది. మెట్లు ఇంకెక్కడైనా రాశారేమోనని ఆ పక్కది. ఓడల పట్టీ. పటాలు. మొదటి రేవులో, మూడు రోజుల్లోగా పలకరించకపోతే శాశ్వతంగా వెళ్ళిపోయే దీపస్తంభం కాపరి. ఆమె పలకరించలేదు. అతను తిరిగొస్తాడని ఆ నలభై గంటలూ ఎదురుచూసింది. వెండి ఓడ మాట మాత్రం ఎక్కడా లేదు. పుస్తకం రాసినవాళ్ళకే తెలియని చోటుకు ఆ రియోజి వెళ్ళొచ్చాడు.

పుస్తకం మూసేసరికి పదకొండు పేజీలయ్యాయి.

అప్పుడే చూరు కింద బొమ్మలన్నీ ఒక్కసారి ఊగాయి. మబ్బు ఫెళ్ళున విడిపోయింది. వెనకటి ఎండలన్నీ కలిపి ఆ ఒక్క రోజే కాసినట్టు, కాకులు నల్లకళ్ళజోళ్ళు అడిగేంత ఎండ! వీధి వీధంతా పరుపులు ఆరేయడానికి బయటికొచ్చింది. నొబుయే ఇంకా గల్లా దగ్గరే ఉంది. ఆమె నీడ మాత్రం సుద్దగీత దాటి, రోడ్డు దాటి, చేపల కొట్టు మెట్టెక్కింది.

"ఏమ్మా నొబుయే," అంది చేపల కొట్టావిడ, "నీడని బేరానికి పంపావా?"

ఉమెకో గారు లేచొచ్చి చేతికర్రతో ఒక్కో అడుగూ కొలిచింది. "పదకొండు," అంది. ఎదురుగా రియోజి వస్తున్నాడు, గొడుగు ముడిచి, నడి వీధిలో. అతని నీడ మడమలకు అంటుకుని ముసలి కుక్కలా బుద్ధిగా వస్తోంది.

"వాడు మోసం చేస్తున్నాడేమో చూద్దామని తెరిచానమ్మగారూ."

"చూశావా?"

"చూశాను."

"చేశాడా?"

"లేదు."

రియోజి తల గోక్కున్నాడు. "ఇంకోసారి అడిగితే చెప్పేవాణ్ణి కదక్కా. బయటికెళ్ళే తలుపు కనబడక ఆ గోడకే రెండు గంటలు గుద్దుకున్నాను. సిగ్గేసి చెప్పలేదు. మూడు రోజుల్లో నీడ తగ్గిపోతుంది. మీరు మేడమీదే ఉండండి, కొట్టు ఇద్దరం చూసుకుందాం."

ఎంత తియ్యగా అన్నాడు! ఆ తీపిలో కొక్కెం ఎక్కడుందా అని నొబుయే అతని మొహమంతా వెతికింది. కనబడలేదు. కనబడకపోవడమే ఇంకా అనుమానమైంది. ఇక్కడుంటే వీడి నవ్వులు లెక్కపెడుతూ చస్తానని ఆమెకు అర్థమైంది. మాటంటే మాట, తాళంచెవి అతనిదేనంది. ఆ సాయంత్రం అన్నగారికి ఫోన్ చేసింది.

"రా," అన్నాడాయన. "మీ వదినకు నడుం పట్టేసింది. వంటకు మనిషి లేక ఇబ్బందిగా ఉంది."

మర్నాడు పొద్దున ఒక పెట్టెతో స్టేషన్ చేరింది. తొయామా రైలు ఆగి ఉంది. నీడ ఆమెకంటే పదకొండడుగులు ముందే రైలెక్కేసింది. పెట్టె కిందపెట్టి చెమట తుడుచుకుంటూ నొబుయే కిటికీలోంచి చూసింది.

లోపల నీడ మూల సీట్లో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే చిన్నదైపోయింది. వీపు వంగింది. చేతులు ఒళ్ళో బియ్యం కడుగుతున్నట్టు కదులుతున్నాయి. ఎవరో ఏదో అంటున్నట్టు, ప్రతిమాటకూ తల వంచుతోంది. ఔనన్నయ్యా, ఔను వదినా, ఔను, ఔను. నొబుయే ఆ వంగడాలు లెక్కపెట్టింది. ముప్పై దాకా లెక్కపెట్టాక ఈల మోగింది.

అవతలి ప్లాట్‌ఫారం మీద ఇంకో రైలు తలుపులు మూయబోతోంది. నొబుయే పెట్టె అందుకుని వంతెన ఎక్కింది, దిగింది. నలభై ఏడేళ్ళ ఆ మోకాళ్ళు అంత వేగం వెళ్ళడం జపాన్ రైల్వే చరిత్రలో లేదు. బోర్డు మీద ఊరి పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఆమె కావాలనే తల పక్కకు తిప్పుకుని లోపలికి దూకింది.

రైలు కదిలాక కండక్టరు వచ్చాడు. "ఎక్కడికమ్మా?"

"ఇది ఎందాకా..." అనబోయి నాలుక కరుచుకుంది. "వద్దు, చెప్పకండి. బాగున్నచోట దిగుతాను."

కండక్టరు ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత బయటికి చూశాడు. వరిచేల మీదుగా, కాలవలు దూకుతూ, గట్ల మీద పడి లేస్తూ ఒక నల్లటి నీడ రైలు వెంట పరిగెత్తుకొస్తోంది.

"మీదేనా?"

"నాదే. దానికి దారి తెలీదు పాపం," అంది నొబుయే. సీట్లో కాస్త జరిగి, దానికి చోటిచ్చింది.