పసుపు పోగుల బెంచీ

మా క్లబ్బు వేయించే బెంచీల మీద బతికున్నవాళ్ల పేర్లు రాయరు. ఈ నియమం మొదటినుంచీ లేదు. నేను చేరకముందు, అప్పటి అధ్యక్షుడు ఒకాయన పార్కు గేటు దగ్గర సిమెంటు బెంచీ వేయించి దాని మీద తన పేరే చెక్కించుకున్నాడట. తర్వాతి మీటింగులో నలుగురు లేచి మా పేర్లేవని అడిగారట. మాటా మాటా పెరిగి ఇద్దరు క్లబ్బే మానేశారు. అప్పటినుంచి బెంచీలు పోయినవాళ్లకే. నల్ల గ్రానైటు పలక మీద పైన ‘స్వర్గీయ’, మధ్యలో పేరు, కింద ‘జ్ఞాపకార్థం’, చివరన మా స్నేహహస్తం క్లబ్బు గుర్తు.

“మన క్లబ్బుల బెంచీ దొరకాలంటే ముందుగాల సావాలె. గందుకే నాకేం తొందర లేదు,” అంటాడు ఫ్రాన్సిస్ అంకుల్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. మీటింగు ఎంత గంభీరంగా నడుస్తున్నా ఆయన ఒక మాట విసరకుండా ఉండలేడు.

నేను ఆ క్లబ్బుకు సంయుక్త కార్యదర్శిని. పేరు పెద్దదే గానీ పని మాత్రం ఫ్లెక్సీల మీద తప్పులు దిద్దడం, రక్తదాన శిబిరంలో అరటిపళ్లు అందించడం, ఎండాకాలం చలివేంద్రంలో కుండలు నింపించడం. ఒకప్పుడు కొత్తవాడలో మా ఇంటి పక్క సందులో ఈ క్లబ్బువాళ్లే సాయంత్రం బడి నడిపారు. సుదర్శన్ సార్ అక్కడ మాకు లెక్కలు చెప్పేవారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. అందులో సగం ఆయన చలవ. ఇప్పుడు ఆయనే అధ్యక్షుడు. ఆయన ఒక పని చెబితే కాదనడం నాకు చేతకాదు.

ఈ వేసవిలో కాజీపేట స్టేషను బయట, బస్సు కోసం జనం నిలబడే చోట ఒక బెంచీ వేయాలని తీర్మానించారు.

“ఈసారి వంతు రమది,” అన్నారు సార్, నా వైపు చూస్తూ. “మీ నాయిన పేరు పెడదామమ్మా.”

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

మా నాన్న రాయమల్లు జంపఖానాలు నేసేవాడు. చేనేత సొసైటీకి ఆర్డర్లు తగ్గిపోయాక, నేను ఆరో తరగతిలో ఉండగా, పక్క రాష్ట్రంలోని భీవండిలో పవర్‌లూమ్ పని దొరికిందని కాజీపేటలో రైలెక్కాడు. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. బతుకమ్మ పండుగకు వస్తున్నానని చెప్పిందే ఆఖరి ఫోను. మా మేనమామ సారయ్య వెళ్లి వెతికాడు. ఆ కార్ఖానా మూతపడింది. పనివాళ్లంతా సూరత్ పోయారని ఒకరు, జ్వరమొచ్చి దవాఖానలో పడ్డాడని ఒకరు చెప్పారు. ఏ దవాఖానలోనూ ఆయన పేరు లేదు. మా వాడలో నాన్న పేరు ఎత్తినప్పుడల్లా పక్కన ‘పాపం’ అని చేర్చడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు.

అమ్మ మాత్రం బొట్టు తీయలేదు. మట్టెలు తీయలేదు.

ఆ రాత్రే పలక మీది మాటలు టైపు చేశాను. ‘స్వర్గీయ రాయమల్లు’ అని తెర మీద కనబడ్డప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఎక్కడో ఒకచోట ఆయన పేరు కదలకుండా ఉండబోతోంది కదా అనిపించింది. మీ నాన్న ఎక్కడ అని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించడానికి నాకో చోటు ఉంటుంది.

పొద్దున అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

“అమ్మా, నాయిన పేరు మీద బెంచీ ఏస్తాన్రు. కాజీపేట్ల.”

రాట్నం ఆగింది. “నిజంగనా? టేషన్ కాడనా? బయటికి రాంగనే కనవడ్తదా?”

అంత వెలుగు అమ్మ ముఖంలో చూసి చాలా కాలమైంది. అందుకే పలక మీద ఏం రాస్తారో చెప్పడానికి నోరు రాలేదు. కానీ చెప్పాలి. చదివి వినిపించాను.

అమ్మ తెగిన పోగు వెతుక్కుంటున్నట్టు కండె వైపే చూసింది. “నువ్వు చూసినవా, పోయిండని?”

“ఇన్నేండ్లాయె గదమ్మా.”

“ఇన్నేండ్లాయెనని నాకు తెల్వదా? రాయి మీద ఎక్కినంక నా మొహం మీది బొట్టును ఎవ్వలన్న ఊకుంటరా? మీ పెద్దమ్మలు వస్తరు, గాజులు తీయుమంటరు. మీ క్లబ్బోళ్లు ఫోటో దిగి పోతరు.”

నాకు కోపం వచ్చింది. “అయితే వద్దని చెప్త. ఇంకొకళ్లకు ఇస్తరు.”

“వద్దనకే!” అమ్మ గభాల్న నా చెయ్యి పట్టుకుంది. “బెంచీ కావాలె బిడ్డా. గా మాట వద్దు, గంతే.”

“రూలున్నదమ్మా. బతికున్నోళ్ల పేర్లు రాయరు.”

“మీ సారుతోని నేను మాట్లాడ్త.”

ఆదివారం మీటింగుకు అమ్మ నాతోపాటు వచ్చింది. చంకలో మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క జంపఖానా. ఎందుకు తెస్తున్నావంటే చెప్పలేదు. బస్సులో కూడా ఒళ్లోంచి దించలేదు.

“సోమక్కా, పరుపు తెచ్చుకున్నవా?” అన్నాడు ఫ్రాన్సిస్ అంకుల్. “మంచి పని చేసినవు. మా సారు మాట్లాడవట్టిండంటే నిద్రే వస్తది.”

“మీరు పండుకుంటే నా ముచ్చట ఎవ్వలింటరన్నా?” అంది అమ్మ. అందరూ నవ్వారు. సుదర్శన్ సార్ కూడా నవ్వి, అమ్మకు కుర్చీ వేయించారు.

అమ్మ చెప్పింది విన్నాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “సోమక్కా, నీ బాధ నాకు తెల్వదా? మీ ఆయన నేసిన దాని మీదనే గదా మన బడిల పిల్లలు కూసొని చదివిన్రు. గానీ నీ ఒక్కదానికి సడలిస్తే రేపు అందరు అడుగుతరు. క్లబ్బు నిలవది.”

“‘స్వర్గీయ’ తీసేసి పేరొక్కటే రాస్తే?” అన్నాడు కోశాధికారి రమాకాంత్.

“అప్పుడది బతికున్నోళ్ల పేరే అయితది గదయ్యా,” అన్నారు సార్.

“పేరు రాసి, పైన జాగ ఇడిసిపెట్టుండ్రి,” అన్నాడు ఫ్రాన్సిస్ అంకుల్. “ఎటన్న తేలినంక రాసుకోవచ్చు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయనే తల దించుకున్నాడు. “తప్పయింది సోమక్కా.”

నేను అమ్మ చెవిలో, “పేరుంటది గదా, ఒప్పుకో అమ్మా,” అన్నాను. అమ్మ నా వైపు చూడలేదు.

“పేరే వద్దు సార్,” అంది. “ఆయనకు సదువు రాదు. మీరెంత పెద్దగ రాసినా, ఆ పక్కపొంటే నడిసి పోతడు.”

అమ్మ లేచి జంపఖానాను బల్ల మీద పరిచింది. ఎరుపు, నలుపు పట్టీలు. రంగు కొంచెం వెలిసింది గానీ నేత ఇంకా బిగువుగానే ఉంది. ఒక కొసన, ఆఖరి నల్లపట్టీలో, సన్నటి పసుపు పోగులు రెండు.

“సొసైటీల అందరియి ఒక్క తీరుగనే ఉంటయి సార్. కుప్పల తనది ఏదో తెల్వాలని ఆయన గీ రెండు పోగులు ఏసేటోడు. ఒక్క దిక్కే. కొలతలు సూసేటాయన తిట్టినా మానలేదు.” అమ్మ ఆ పోగుల మీద వేలు పెట్టి ఆపింది. “బెంచీకి రంగయితె ఏస్తరు గదా? గిట్ల ఏయుండ్రి. బతికున్నోళ్ల పోగులు ఏయొద్దని రూలేమన్న ఉన్నదా?”

సార్ వంగి ఆ రెండు పోగులనూ దగ్గరగా చూశారు. “లేదు,” అన్నారు.

“మన క్లబ్బు బెంచీలు నీలం, తెలుపు గదా సార్…” అని మొదలుపెట్టాడు రమాకాంత్.

“ఊరంత నీలం, తెలుపే ఉన్నయి,” అన్నాడు ఫ్రాన్సిస్ అంకుల్. “ఇప్పటిదాంక ఎవ్వలన్న మనయని గుర్తువట్టిన్రా?”

తీర్మానం నేనే రాశాను. టైపు చేసిన కాగితం నా సంచీలోనే మడత పడి ఉంది. అమ్మ అడిగింది దొరికినందుకు నేను సంతోషపడాలి. పడ్డాను కూడా. కానీ నాన్న పేరు రాతి మీద చూసుకోవాలని నాకూ ఉండింది. స్కూలు హాజరు పట్టీలో నా పేరు పక్కన తప్ప ఆ పేరు ఎక్కడా చూసినదాన్ని కాదు.

రంగు వేయడానికి అనిల్ అనే పెయింటర్ వచ్చాడు. అమ్మ ఎండలో గొడుగు పట్టుకుని వాడి వెనకే నిలబడింది. పట్టీలు వీపు ఆనించే చోటు నుంచి కూర్చునే చోటు దాకా దిగాలని, ఎరుపు ఇంకొంచెం ముదరాలని చెబుతూనే ఉంది.

“అత్తమ్మా, పసుపు గీతలు రెండు దిక్కుల ఏస్త. అందంగుంటది,” అన్నాడు అనిల్.

“అందానికి గాదు బిడ్డా. ఒక్క దిక్కే.”

“మరి ఏ దిక్కు?”

అమ్మ వెనక్కి తిరిగి స్టేషను గుమ్మం వైపు చూసింది. అందులోంచి బయటికి వచ్చేవాళ్లకు ఏ కొస ముందు కనబడుతుందో చూసుకుని చెయ్యి చాపింది. “ఈ దిక్కు.”

ప్రారంభం రోజు బ్యానరు కట్టారు, రిబ్బను కత్తిరించారు. ఫోటోలో అమ్మను మధ్యలో నిలబెట్టారు. పలక ఉండాల్సిన చోట క్లబ్బు గుర్తు ఒక్కటే ఉంది. బెంచీ మీద మొదట ఫ్రాన్సిస్ అంకుల్ కూర్చున్నాడు.

“అన్నా, జర జరుగు,” అంది అమ్మ. “పోగులు కనవడ్తలేవు.”

“కూసోనీకి ఏసిన్రా, సూడనీకి ఏసిన్రా?” అంటూనే జరిగాడు ఆయన.

నేను పనిచేసే కాలేజీ ఆఫీసు కాజీపేటలోనే. రోజూ సాయంత్రం అక్కడే బస్సెక్కుతాను. నేను ఇంటికి చేరగానే అమ్మ అడిగేది ఒకటే: రంగు పోలేదు గదా? పోలేదని చెబుతాను.

నిన్న బెంచీ ఆ కొసన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో బియ్యం సంచీ, భుజం మీద తువ్వాల. మరిపెడ బస్సు కోసం చూస్తున్నాడట. పసుపు గీతలు రెండూ ఆయన వీపు వెనక పడ్డాయి. లోపల ఏదో బండి వచ్చి ఆగినట్టుంది, స్టేషను గుమ్మంలో జనం మొదలయ్యారు.

“అన్నా, జర అటు జరుగుతరా?” అన్నాను.

ఆయన సంచీతో సహా జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.

“కూసోరాదు చెల్లె?”

“వద్దన్నా. గా జాగ ఖాళీగుంటె చాలు.”

ఆయన నన్నూ, బెంచీనీ, గుమ్మాన్నీ చూశాడు. “ఎవ్వలన్న వస్తాన్రా?”

మూటలు, పెట్టెలు, నిద్రకళ్ల పిల్లలు. నెరిసిన తల కనబడ్డ ప్రతి మనిషినీ చూస్తున్నాను. నాన్న తల ఇప్పటికి నెరిసి ఉంటుందని నాకు తోచడం అదే మొదలు.

“ఆఁ,” అన్నాను.

మా బస్సు వచ్చి ఆగింది. గుమ్మంలోంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఆ బస్సును పోనిచ్చాను.