ఎవరూ పలకని హాజరు

కరోనా రెండో వేవ్ సద్దుమణిగి బడి తెరిచిన రోజున కోమలిని గేటు దగ్గరే ఆపేశారు.

"లిస్టులో నీ పేరు లేదు బేటా, వాపస్ పో," అన్నాడు వాచ్‌మన్.

పక్కనే తల్లి లింగవ్వ ఉంది. బతుకుదెరువుకు గుజరాత్ వచ్చి, పాండేసరలో మరమగ్గాలకు దారపు బాబిన్లు చుట్టే మనిషి. పదో తరగతిలోకి వచ్చిన కూతురిని దింపుదామని పూట పని మానుకుని వచ్చింది. గోడవారగా ఇంకో ఇరవై మంది దాకా గల్లీ పిల్లలు మాస్కులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. గోడ మీద కొత్త రంగు, పెద్ద అక్షరాలు: 'ఈ ఏడు నూటికి నూరు శాతం ఉత్తీర్ణత.'

అది సర్కారు వారి చిన్న తెలుగు హైస్కూలు. హజీరా ఫ్యాక్టరీల్లోని తెలుగు ఇంజనీర్ల పిల్లలు ఇటు తొంగి చూడరు, వాళ్లకు ఇంగ్లీషు బళ్లున్నాయి. ఇక్కడ చదివేది మగ్గాల మీద, రంగుల మిల్లుల్లో పనిచేసే వాళ్ల పిల్లలే. పదో తరగతిలో నలభై ఒక్క మంది ఉండాలి. లిస్టులో పందొమ్మిది పేర్లున్నాయి.

హెడ్మాస్టరు లింగమూర్తి కిటికీలోంచే మాట్లాడాడు. "లాక్‌డౌన్‌లో మీరంతా ఊళ్లకు వెళ్లిపోయారు కదమ్మా. పిల్లల టీసీలు మీరే అడిగారు. ఇదిగో మీ వేలిముద్ర."

లింగవ్వ ఉలిక్కిపడింది. ముద్ర తనదే, దారం కోసిన గాటుతో సహా. నిరుడు మే నెలలో వలస కూలీల రైలుకు పేర్లు రాసుకున్నది ఈ బడిలోనే. గుజరాతీలో అచ్చేసిన కాగితాలు రెండు ముందు పెట్టారు. రైలెక్కితే చాలు, ప్రాణాలు దక్కితే చాలు అనుకున్నవాళ్లు రెండో కాగితం దేనికని అడుగుతారా? అడగలేదు. నాలుగు నెలలకే తిరిగొచ్చారు. పిల్లలు తొమ్మిదో తరగతి ఫోన్లలో చదివారు, రీచార్జి ఉన్నన్నాళ్లు.

"రేపటి సంది నేను గూడ బాబిన్లేనా అమ్మా?" అని దారిలో అడిగింది కోమలి. లింగవ్వ తన బొటనవేలు చూసుకుంది. తన వేలే తన బిడ్డకు పగైపోయింది.

పొద్దుగూకక ముందే గల్లీ అంతా కూడింది. గుసగుసలు మొదలయ్యాయి. రంగుల మిల్లు సాంబయ్య కూడా అదే రైలెక్కాడు, అవే కాగితాల మీద సంతకం పెట్టాడు. అతని కూతురు నిఖిత పేరు మాత్రం లిస్టులో ఉంది.

"సార్‌తోని ఏం మాట్లాడుకున్నవ్ సాంబయ్యా?" లిస్టులో కొడుకు పేరు లేని ఆగయ్య మీదికి పోయాడు.

"నేనేం మాట్లాడలే. నా బిడ్డ పేరెందుకున్నదో నాకే ఎర్క లేదు."

"మరి గట్ల చెమటలు వడ్తున్నయేంది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!"

లింగవ్వ కూడా అతన్ని నమ్మలేదు. పైవాడు కొడితే పక్కవాడి చొక్కా పట్టుకోవడం మనకు పాత అలవాటు. పైవాళ్లకు కావలసిందీ అదే.

అప్పుడు నిఖిత తండ్రి ఫోన్ లాక్కుని ముందుకొచ్చింది. "కొట్లాడుడు జర ఆపుండ్రి. కరోనా అని అందర్ని పైకి పంపిన్రు గని, తొమ్మిదిల లెక్కల మార్కులు మా గ్రూపుల ఉన్నయ్."

ఒకరు మార్కులు చదివితే ఒకరు లిస్టు చూశారు. పాసైన పందొమ్మిది మంది లోపల, తప్పిన ఇరవై రెండు మంది బయట. ఒక్క పేరూ అటూ ఇటూ కాలేదు.

"ఫోన్ లేనోళ్లం, పనికి వోయినోళ్లమే తప్పినం," అంది కోమలి మెల్లగా.

"జర తప్పయింది తమ్మీ," అన్నాడు ఆగయ్య. సాంబయ్య తలూపాడు. లింగవ్వ కళ్లు మాత్రం అతని మీదే ఉన్నాయి. రేపు బిడ్డ సీటు మీదికొస్తే ఈ మనిషి నిలబడతాడా?

మర్నాడు పదిమంది కలిసి వెళ్లారు. "టీసీ తీసుకున్నోళ్లకు తొమ్మిదిల పరీక్ష ఎట్ల వెట్టిన్రు సార్?" అని లింగవ్వ నిలదీసింది.

లింగమూర్తి దాచలేదు. "పదో తరగతి ఫలితాలు పడిపోతే బడి మూసేస్తామని పైనుంచి చెప్పారు. తప్పేవాళ్లతో పరీక్ష రాయించి పందొమ్మిది మంది నోట్లో మట్టి కొట్టమంటావా? మీ మంచికే చేశాను."

"దారం తెగితే ముడేసి మగ్గం నడిపిస్తం సార్. తెగినయన్నీ పీకి పారేస్తే బట్టేడికెల్లి వస్తది? పందొమ్మిది మందికి బడెందుకని రేపు వాళ్లే మూస్తరు. గప్పుడు ఎవ్వర్ని పీకుతవ్?"

ఆయన కిటికీ వేసుకున్నాడు.

మూడో రోజు ఊరేగింపుగా వచ్చి గేటు ముందు కూర్చున్నారు. లోపల హెడ్మాస్టరే పదో తరగతి హాజరు తీశాడు. మొదటి పేరు పిలిచాడు. జవాబు లేదు. రెండోది. లేదు. పందొమ్మిది మందీ ఎదురుగా కూర్చుని నోరు విప్పలేదు.

"నిఖితా! పలక్కపోతే నీ పేరూ కొట్టేస్తాను."

ఆ అరుపు గేటు దాకా వినిపించింది. లింగవ్వ సాంబయ్య వైపు చూసింది. అతను గేటు ఊచలు పట్టుకుని లేచాడు.

"పలుకకు బిడ్డా!" అని గొంతు చించుకుని అరిచాడు.

అతన్ని మూడు రోజులు అనుమానించినందుకు లింగవ్వకు సిగ్గేసింది.

పోలీసు జీపు వచ్చింది. కరోనా కాలంలో గుంపు కూడటం నేరమన్నారు. అందరికన్నా ముందున్న లింగవ్వ రెక్క పట్టుకుని, బానెట్ మీద ఒక కాగితం పెట్టారు. "అంగూఠా లగావ్."

లింగవ్వ బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. "ఒకపారి గుడ్డిగ వేసిన. చాలు. ఏం రాసిన్రో సదువు కోమలీ."

లెక్కల్లో తప్పిన కోమలి గుజరాతీని గడగడా చదివి తెలుగులో చెప్పింది. "తప్పు ఒప్పుకుంటున్న అని ఉన్నదమ్మా. మళ్ల బడి దిక్కు రానని ఉన్నది."

"వస్తనని రాయమను, గప్పుడు వేస్త."

జనం గొల్లున నవ్వారు. జీపు లింగవ్వను ఎక్కించుకుని కదిలింది. పిడికిలి అలాగే బిగిసి ఉంది. అంతలో గేటు తోసుకుని లోపలి పిల్లలు బయటికొచ్చి, బయటివాళ్ల పక్కన మట్టిలో కూర్చున్నారు. కోమలి కన్నీళ్లు తుడుచుకుని లేచి, నోటు పుస్తకం తెరిచి, తన పేరుతో మొదలుపెట్టి అందరి పేర్లూ పిలిచింది.

నలభై ఒక్క మంది పలికారు.