దీపం పెట్టినాక

ప్రమీలమ్మ వాళ్లది కిరాణా కొట్టు. అయినా కొట్లో సరుకులకంటే ఇంట్లో నియమాలే ఎక్కువ. మంగళవారం గోళ్లు తీయకూడదు, శుక్రవారం బూజు దులపకూడదు, దీపం పెట్టినాక ఉప్పు గడప దాటకూడదు. ఉప్పు వెంట లక్ష్మి కూడా నడిచి వెళ్లిపోతుందట! నంగునూరు నుంచి కాపురానికొచ్చిన మూడేళ్లలో కోడలు సుగుణ ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడామెకు మూడో నెల. మరింత ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుతోంది.

యుద్ధం వల్ల కిరసనాయిలు దొరకని రోజులవి. ఆ సాయంత్రం దేవుని గూట్లోని నూనె దీపమే ఇల్లంతటికీ వెలుగు. అంతలో వెనక వాడ నుంచి దుర్గవ్వ ఉరికొచ్చి గడప బయట నిలబడింది. తాళ్లెక్కి కల్లు గీసే రాజమల్లయ్య భార్య ఆమె.

"అమ్మా, నా బిడ్డ గన్నేరు పప్పు తిన్నది! ఉప్పునీళ్లు తాపి కక్కియ్యాలె. ఇంట్ల ఉప్పు పలుకు లేదు. నాలుగిండ్లు తిరిగిన, దీపం పెట్టినమన్నరు."

ప్రమీలమ్మ రాతి మనిషి కాదు. ఇద్దరు పిల్లలను మట్టిలో పెట్టిన తల్లి.

"నేనేం జేతు దుర్గవ్వా? మేం గూడ పెట్టినమాయె. నా కోడలు కడుపుతోటున్నది. దవాఖానకు ఉరుకు."

"గిప్పుడు దవాఖానల ఎవలుంటరమ్మా?"

సుగుణకు ఒళ్లు మండిపోయింది. ఉప్పు జాడీ చేతికందేంత దూరంలోనే ఉంది.

"అత్తమ్మా, నేనిస్త."

"దీపం ఉండంగనా? నా పానం బోయినా ఇయ్యనియ్య."

సుగుణ గూటి దగ్గరకు నడిచింది. ఉఫ్‌మని ఊదింది. ఇల్లు చీకటైంది.

"ఇగ దీపం లేదు, అత్తమ్మా."

తడుముకుంటూ వెళ్లి దుర్గవ్వ కొంగులో రెండు దోసిళ్ల ఉప్పు పోసింది. ప్రమీలమ్మ తిట్టలేదు, గోడకు చేరగిలబడి ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

పిల్ల బతికింది. పొద్దున్నే ఆ మాట చెప్పడానికి వచ్చిన దుర్గవ్వ, సుగుణ కాళ్ల మీద పడింది. లేచాక ఆమె చూపు సుగుణ కడుపు మీద ఆగింది.

"ఎంత పని జేసినవు బిడ్డా! దీపం ఊదుతరా? గీ కడుపుతోని..." అంటూ కళ్లొత్తుకుంది.

ఆ సాయంత్రం సుగుణ దీపంలో వత్తి వేయబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టి, తానే వెలిగించుకుంది. సుగుణ దూరంగా నిలబడి కడుపు మీద చేయి వేసుకుంది. తప్పు చేశానని ఆమెకు అనిపించలేదు. అయినా భయమేసింది. కానుపుకు ఇంకా ఆరు నెలలుంది.