నేను పెట్టుడు మందును కాను

నేను ఒక కాయను. చెట్టుకు కాసినదాన్ని కాదు, మిరపకాయలకు తొడిమలు తీసే కోటమ్మ కడుపులో కాసినదాన్ని. డాక్టర్లు నన్ను పాలిప్ అంటారు. గోరంతగా మొదలై, సన్నని తొడిమకు వేలాడుతూ, ఏళ్లు గడిచేసరికి నిమ్మకాయంత అయ్యాను.

నా లోకం వెచ్చని చీకటి. పొద్దున టీ వెచ్చదనం, మధ్యాహ్నం గోంగూర పులుపు, పైనుంచి లీలగా మాటలు. వాటిలో ఎక్కువ అంజమ్మవే. ఆమె కోటమ్మ తోడికోడలు. ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీసేవాళ్లు, ఒకే గిన్నెలో తినేవాళ్లు. వాళ్లు నవ్వితే నేను ఊగేదాన్ని. అంత హాయి మళ్లీ ఎరగను.

ఊగి ఊగి ఒకరోజు జారాను. కడుపులోంచి పేగులోకి దిగే దారిలో బిరడాలా కూర్చున్నాను. తిన్నది దిగక కోటమ్మ కక్కేసింది. నేను వెనక్కి జారితే రెండు రోజులు బాగుండేది, తర్వాత మళ్లీ మామూలే. మనిషి చిక్కి సగమైంది.

మొదటిసారి కక్కింది అంజమ్మ పెట్టిన పులిహోర తిన్నాక. ఇంకేముంది! "పెట్టుడు మందే, తిండిలో కలిపి పెట్టారు. పసరు తాగి కక్కెయ్" అన్నారు ఊళ్లోవాళ్లు. ఆ చేదు పసరులో మునిగి తేలాను గానీ ఊడలేదు. ఈ మనుషులు భలేవాళ్లు, నన్ను చూడకముందే నన్ను పెట్టిందెవరో తేల్చేశారు. కోటమ్మ తోడికోడలి గిన్నె ముట్టడం మానేసింది. అంజమ్మ గొంతు వినిపించడం ఆగిపోయింది. తప్పు నాది, నింద ఆమెది. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి పెద్దాసుపత్రిలో కోటమ్మ నోట్లోంచి గొట్టం వేశారు. దాని చివర చిన్న దీపం. వెలుగును నేను చూడటం అదే మొదలు. తర్వాత పొట్ట కోసి, నన్ను తొడిమతో సహా తీసేశారు.

గంజి తాగొచ్చన్న రోజున డాక్టరమ్మ నన్ను సీసాలో తెచ్చి చూపించింది. "ఇదమ్మా, నీ కడుపులో అడ్డం పడింది. చెడ్డ గడ్డ కాదు, భయం లేదు."

"ఎవురూ పెట్టలా?"

"పెడితే వచ్చేది కాదమ్మా. నీలోనే పుట్టి పెరిగింది."

కోటమ్మ నన్ను చాలాసేపు చూసి, అంజమ్మకు కబురు పెట్టమంది. కబురు ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. ఆమె నాలుగు రోజులుగా వరండాలోనే ఉందట. గంజి గ్లాసుతో వచ్చి, మంచం పక్కన నిలబడి, ముందు తానే ఒక గుక్క తాగి చూపించింది.

కోటమ్మ బావురుమంది. "నువ్వు తాగి చూపించాలటే నాకు? పాపిష్టిదాన్నే అంజీ. నీ చేత్తోనే నా నోట్లో పొయ్యవే."

ఇప్పుడు నేను వైద్య కళాశాల మ్యూజియంలో, గాజు సీసాలో ఉన్నాను. సీసా మీద నా కొలతలన్నీ రాశారు, ఆ గుక్క సంగతి రాయలేదు. అప్పుడప్పుడు ఆడపిల్లలిద్దరు నా ముందు నిలబడి ఏదో చెప్పుకుని నవ్వుతారు. పాత అలవాటు కదా, ఊగబోతాను. నన్ను పట్టుకునే కడుపు లేదు.