గంటమ్మ

ఆ పిల్లకి గంటమ్మ అని పేరు పెట్టింది ఎవరో కాదు, ఆసుపత్రి ఎలక్ట్రీషియనే. పేరు పెట్టినవాడు, తీగ పీకినవాడు, అబద్ధమాడినవాడు, ముగ్గురూ ఒక్కడే. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత అతని మీద మీకు జాలి కలిగితే నాకు సంబంధం లేదు.

ఆ పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలు రాసే కౌంటర్ ఆమెది. చేరి ఇంకా ఏడాది కాలేదు. బల్ల కింద, మోకాలికి తగిలేంత దగ్గరలో, ఒక ఎర్ర బటన్ ఉంటుంది. ఎవరైనా మీదకొస్తే అది నొక్కాలి. నొక్కితే సూపరింటెండెంట్ గదిలోనూ, గేటు దగ్గర సెక్యూరిటీ గదిలోనూ గంట మోగుతుంది. చేరిన మొదటి వారంలోనే ఒకాయన కౌంటర్ మీద దబీమని గుద్దాడు. ఆమె హడలిపోయి బటన్ నొక్కేసింది. సూపరింటెండెంట్ అన్నం తింటున్న చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే గుద్దినాయన కిటికీ ముందు కూలబడి, తల్లికి బాగాలేదని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఇంకేం, ఆఫీసంతా పడీపడీ నవ్వింది.

"గంటమ్మ తల్లీ, కాస్త మనిషిని చూసి మోగించు," అన్నాడు ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నుంచి.

ఆ పేరు అతుక్కుపోయింది. ఆమె వరండాలో నడుస్తుంటే ఫైళ్ల వెనక నుంచి "ట్రింగ్" అనేవాళ్లు. టీ గ్లాసు అందుకుంటుంటే "ట్రింగ్". మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఏం చేస్తుంది పాపం?

తర్వాత ఇంకో రెండుసార్లు నొక్కింది. ఒకడు చెయ్యి పట్టుకుని వదల్లేదు, ఇంకొకడు కుర్చీ ఎత్తాడు. కారణం కాదా అది? సూపరింటెండెంట్‌కి మాత్రం విసుగొచ్చింది. "ఆ గంటమ్మ నోరు కాస్త మూయించవయ్యా. తీగ తీసి పారెయ్. ఆ అమ్మాయికి మాత్రం చెప్పకు," అన్నాడు. ఎలక్ట్రీషియన్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా ఆయన సంతకం పెడితేనే కొనసాగేది. పని చూస్తే రెండు నిమిషాలు. తీగ తీశాడు, కొసకి టేపు చుట్టాడు, చేతులు దులుపుకున్నాడు.

ఆమెకి తోబుట్టువులు లేరు. అతన్ని అన్నా అని పిలిచేది. ప్రతి సోమవారం పొద్దున్నే కిటికీ తెరిచే ముందు, "అన్నా, గంట పనిచేస్తోందా? నువ్వొకసారి చూడవా?" అని అడిగేది. తనే నొక్కి చూడాలంటే భయం, మళ్లీ నవ్వుతారని.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. నువ్వు నిశ్చింతగా కూర్చో," అనేవాడు. పదకొండు సోమవారాలు అలాగే అన్నాడు, సిగ్గులేని మనిషి.

ఆ గురువారం ఎముకల డాక్టరు మీటింగుకి వెళ్లిపోయాడు. లేరని చెబితే జనం గొడవ చేస్తారనీ, "వస్తారు, కూర్చోండి" అనే చెప్పమనీ సూపరింటెండెంట్ హుకుం. ఆమె పొద్దుట నుంచీ అదే చెబుతోంది. నూట నలభయ్యో నంబరు చీటీ చేతిలో పట్టుకున్న ఒక మనిషి, కాలు విరిగిన తండ్రిని బెంచీ మీద పడుకోబెట్టి నాలుగు గంటలు ఎదురుచూశాడు. ఐదోసారి కిటికీ దగ్గరికొచ్చి, "నిజం చెప్పు. వస్తాడా, రాడా?" అన్నాడు.

"వస్తారండీ, కూర్చోండి," అంది.

అంతే. లోపలికి చెయ్యి దూర్చి, జడ పట్టుకుని, ఆమె మొహాన్ని బల్లకేసి కొట్టాడు.

గది చివర ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద ట్యూబ్‌లైటు మారుస్తున్నాడు. ఆమె చెయ్యి బల్ల కింద తడుముకోవడం చూశాడు. బటన్ దొరికింది. నొక్కింది. మళ్లీ నొక్కింది. ఒక్క క్షణం, నమ్మండి, అతను కూడా గంట మోగుతుందనే ఎదురుచూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. అతను నిచ్చెన దిగి ఆ మనిషి చేతిలోంచి జడ విడిపించేసరికి ఆమె మొహం మూడుసార్లు బల్లకి తగిలింది. కొట్టినవాడు తన చేతుల్ని చూసుకుంటూ నిలబడిపోయాడు.

ఆమె వేలు ఇంకా బటన్ మీదే ఉంది. "నొక్కానన్నా. ఎవరూ రాలేదు," అంది. "మళ్లీ గంటమ్మేలే అనుకున్నారా అందరూ?"

అతను ఆమె వేలిని బటన్ మీద నుంచి మెల్లగా తీశాడు.

సాయంత్రం సూపరింటెండెంట్ ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు. "రేపు ఎంక్వయిరీకి పైనుంచి మేడమ్ వస్తోంది. ఆ తీగ కలిపెయ్. గంట మోగిందంటే, ఆ అమ్మాయే నొక్కలేదని తేలిపోతుంది. మనకి గొడవ వదులుతుంది."

"నొక్కింది సార్. నేను చూశాను."

"నీ కాంట్రాక్టు కాగితం ఇదిగో, నా బల్ల మీదే ఉంది. ఏం చూశావో ఇంటికెళ్లి ఆలోచించుకో."

తీగ కలిపాడు. కలపక ఏం చేస్తాడు! రెండు నిమిషాల పనికి అరగంట పట్టింది. బల్ల కింద ఆమె జడ క్లిప్పు విరిగిన ముక్క కనిపిస్తే జేబులో వేసుకున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే ఎనిమిదేళ్ల కూతురు "ట్రింగ్!" అని అరుస్తూ ఎదురొచ్చింది. రోజూ ఉండే ఆటే. ఆఫీసు వేళాకోళాన్ని ఇంటిదాకా మోసుకొచ్చింది అతనే కదా. ఎన్నడూ పిల్ల మీద చెయ్యి చేసుకోనివాడు చెయ్యెత్తాడు. పిల్ల రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎత్తిన చెయ్యి దించి గుమ్మంలోనే కూలబడ్డాడు.

మర్నాడు ఆమె వచ్చింది. కనుబొమ్మ మీద ఐదు కుట్లు, ఒక కన్ను మూసుకుపోయింది. మేడమ్ వంగి బటన్ నొక్కింది. గంట రెండు గదుల్లోనూ ఖణేల్మని మోగింది.

"చూశారుగా మేడమ్, బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు సూపరింటెండెంట్. "కంగారులో నొక్కి ఉండదు, పాపం."

ఆమె ఆయనతో వాదించలేదు. గంట చప్పుడు ఆగేదాకా విన్నది. "అయితే నిన్న కూడా మోగిందన్నమాట, ఆ దెబ్బల్లో నాకే వినపడలేదు," అంది మెల్లగా. "అందరూ విన్నారన్నమాట. విని కూడా ఒక్కరూ లేవలేదు." కుట్లు తడిసేలా ఏడ్చింది. "నావల్ల కాదు మేడమ్. ఈ మనుషుల మధ్య నేను కూర్చోలేను. కాగితమివ్వండి, రాజీనామా రాసిస్తాను."

దెబ్బలకి కూడా అంత ఏడవలేదు ఆ పిల్ల. గోడ పక్కన నిలబడ్డ ఎలక్ట్రీషియన్ ముందుకొచ్చాడు. ఇక ఉద్యోగం పోతే పోయింది.

"మోగలేదమ్మా," అన్నాడు. "ఎవరూ వినలేదు. మూడు నెలల కిందటే తీగ తీసేశాను. సార్ తియ్యమన్నారు, నేను తీశాను. నిన్న సాయంత్రమే మళ్లీ కలిపాను."

మేడమ్ కలం పట్టుకుని, "ఈ మాట రాసిస్తారా?" అంది.

"రాసిస్తాను మేడమ్."

జేబులోంచి క్లిప్పు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె బాగున్న కంటితో అతన్ని చూసింది.

"ప్రతి సోమవారం మిమ్మల్నే అడిగాను కదండీ," అంది.