వెండిలంక కాలువ

ధవళేశ్వరంలో కాలువల ఆఫీసుకి సోమవారం సోమవారం రైతులు అర్జీలు పట్టుకొస్తారు. శివారు పొలాలకి నీళ్ళందలేదనీ, గుర్రపుడెక్క తీయించమనీ, పై ఊరివాళ్ళు తూము దగ్గర అడ్డం పడ్డారనీ. అవన్నీ పుస్తకంలో ఎక్కించేది సీనియర్ అసిస్టెంటు ఆశాజ్యోతి. రాజమండ్రిలో బస్సెక్కడం, దార్లో ఫోన్లో నాలుగు వాక్యాలు కొట్టడం, దిగేలోపు అందులో మూడు చెరిపేయడం ఆవిడకి రోజూ ఉన్నదే. కుదురుగా కూర్చుని రాసే మనిషి కాదు. కాలు ఊపుతుంది, లేస్తుంది, కిటికీ దాకా వెళ్ళొస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. అలా తిరుగుతూనే పదేళ్ళలో వెండిలంక రాజ్యం మీద నాలుగు భాగాల నవల రాసిపారేసింది. రెక్కల గుర్రాలు, మాట్లాడే మొసళ్ళు, ఏడు మేడల కోట, ఏం కావాలంటే అది ఉంది అందులో.

"ఆశాజ్యోతి గారూ, మీ లంకవాళ్ళొచ్చారండి," అన్నారు సూపరింటెండెంటు త్రిమూర్తులు గారు, ఫైల్లోంచి తలెత్తకుండా.

కడియం రైతుకీ రామచంద్రపురం రైతుకీ మధ్య వరసలో నిలబడి ఉంది సంపూర్ణమ్మ. నాలుగో భాగం చివర రేవులో బిందె దించిన ఆడమనిషి ఈవిడే. వెండిలంక నుంచి ఎలా వచ్చావమ్మా అని ఎవరూ అడగలేదు. పొద్దుటి బస్సుకి రావడం, సాయంత్రం బస్సుకి పోవడం అందరూ చూస్తున్నదే.

"కాలువకి నీళ్ళు కట్టేసి రెండేళ్ళయిందండి," అంది సంపూర్ణమ్మ. "నూతినీళ్ళు తోడి నారు పోసుకున్నాం. అదీ ముదిరిపోతోంది. ఈ వారంలో నాట్లు ఊడ్చకపోతే పశువులకి పడెయ్యడమే."

తప్పంతా ఒక్క వాక్యంలో ఉంది. నాలుగో భాగం ఆఖర్న ఆశాజ్యోతి 'మర్నాడు కాలువ కట్టేశారు' అని రాసి చుక్క పెట్టేసింది. గోదారి నీళ్ళు తాగినవాళ్ళకి ఆ మాటకి అర్థమేంటి? దాళ్వా పంట అయిపోయింది, పూడిక తీస్తారు, జూన్లో మళ్ళీ వదులుతారు. అంతే కదా! వదిలారని విడిగా రాయాలని ఆవిడకి తోచనే లేదు. హైదరాబాదు పాఠకులు మాత్రం గుండెలు బాదుకున్నారు. రాజ్యం మొత్తాన్ని ఒక్క వాక్యంతో ఎండగట్టింది, ఏం ముగింపు, ఏం ధైర్యం అని రాశారు. సభలు పెట్టి శాలువాలు కప్పారు. అది వేసవికి కట్టడమేనండీ అని చెబుదామని ఆవిడ రెండుసార్లు మైకు దాకా వెళ్ళింది, నోరు రాక థాంక్స్ చెప్పి దిగిపోయింది. ఏం చేస్తుంది పాపం! పదేళ్ళు ఎవరూ పట్టించుకోని మనిషికి అప్పుడే పేరొచ్చింది. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం.

అక్కడ వెండిలంకలోనేమో నిజంగానే నీళ్ళు రాలేదు.

"ఇంకో మాటండి," సంపూర్ణమ్మ గొంతు తగ్గించింది. "నీళ్ళ కోసం యుద్ధమంటగా. రాజుగారి మనుషులు ఇంటింటికీ వచ్చి మగపిల్లల్ని తోలుకుపోయారు. మా వాడూ ఉన్నాడండి అందులో. ఎల్లుండే బయల్దేరతారంట."

ఆశాజ్యోతి ఫోను తీసింది. 'ఐదో భాగం: మహాసంగ్రామం' అని పబ్లిషరు రమేష్ బాబు కిందటి వారమే ప్రకటన వేశాడు. పొద్దున బస్సులో ఆవిడ మొదటి వాక్యం కొట్టింది. 'తొలిరోజే వందమంది సైనికులు నేలకూలారు.' చెరపకుండా ఉంచుకున్న వాక్యం ఆ ఒక్కటే.

ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే అడిగింది.

"రమేష్ బాబు గారూ, యుద్ధం లేకుండా రాస్తే?"

"అదేంటండీ మేడం! అట్ట కూడా అచ్చయిపోయింది. ఆ కాలువ ముగింపు తర్వాత యుద్ధం కాక ఇంకేం ఉంటుంది?"

"అది ముగింపు కాదండి బాబూ. మాకు ఏటా కడతారు. జూన్లో వదులుతారు."

"ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకండి," అన్నాడు రమేష్ బాబు. "యుద్ధం రాయండి. లేదంటే మీ పుస్తకాలు ఇంక మేం వేయం. ఇంకెవరూ కూడా వేయరు."

ఆశాజ్యోతి వరండా చివరిదాకా పోయి వచ్చింది, మళ్ళీ పోయింది. ఏడుపొచ్చింది. పదేళ్ళు నిలబడీ నడిచీ రాసుకున్నది ఇంతటితో సరి అనుకుంటే ఎవరికి రాదు? సంపూర్ణమ్మ మెట్ల మీద కూర్చుని మాటిమాటికీ బస్సు వచ్చే దారి చూస్తోంది.

ఆశాజ్యోతి నిలబడే ఫోన్లో ఆ వందమంది వాక్యం చెరిపేసి ఇంకోటి కొట్టింది. 'జూన్ ఒకటిన నీళ్ళు వదిలారు, శివారు దాకా అందాయి.' ఐదో భాగం ఇంతే, సమాప్తం అని రాసి ఫోన్లోనే పాఠకులందరికీ పంపేసింది.

సంపూర్ణమ్మ గబుక్కున లేచింది. "ఊడ్పులున్నాయండి," అంటూ సాయంత్రం దాకా ఆగకుండా రోడ్డు మీదకి పరిగెత్తింది.

పాఠకులు తిట్టిపోశారు. రమేష్ బాబు ఫోనెత్తడం మానేశాడు. సభలవాళ్ళు పిలవలేదు. ఆశాజ్యోతి బస్సులో ఫోను తీసేది, పెట్టేసేది, తీసేది. ఏం రాయాలో తెలియక వేళ్ళు లాగేస్తుండేవి. ఇక నేను రాసే మనిషిని కానేమో అని త్రిమూర్తులు గారితో అననే అంది.

మూడు సోమవారాలు పోయాక సంపూర్ణమ్మ వచ్చింది.

"ఏమ్మా, మళ్ళీ నీళ్ళాగాయా?" అన్నారు త్రిమూర్తులు గారు.

"అబ్బే, లేదండి. మా వాడు ఇంటికొచ్చేశాడు. పెళ్ళి కూడా కుదిరింది. అమ్మగారు శుభలేఖ రాసిపెట్టాలి."

ఆశాజ్యోతి కాగితం తీసింది. "అబ్బాయి పేరేంటి?"

సంపూర్ణమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "అదేనండి, లేదు. ఇన్నాళ్ళూ ఒరే అనే పిలిచాం. చచ్చిపోయేవాడికి పేరెందుకని మీరు పెట్టలేదు. తప్పు పట్టట్లేదండి. ఇప్పుడు బతికున్నాడు కదా మరి."

ఆశాజ్యోతి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మెట్ల నుంచి గేటు దాకా మోకాళ్ళ వరకూ బురదతో కుర్రాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. లెక్కపెట్టక్కర్లేదు, వందమంది.

"వీళ్ళందరికీ పెళ్ళిళ్ళేనా?" అన్నారు త్రిమూర్తులు గారు.

"ముందు పేర్లండి," అంది సంపూర్ణమ్మ.

ఆశాజ్యోతి వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మొదటివాణ్ణి రమ్మని చెయ్యూపింది. వాడు గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. వాడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"అమ్మిరాజూ," అంది.

"ఆయ్," అన్నాడు వాడు.