నాలుగు మింగిన గురువు

షామ్ షుయ్ పో పేటలోని ఆ టీ హోటల్లో, ఆదివారం ఉదయం తొమ్మిదో నంబరు బల్ల దగ్గర కూర్చోవాలంటే మనిషికి రెండు లక్షణాలుండాలి. పాత కుంగ్‌ఫూ సినిమాలంటే పిచ్చి ఉండాలి, ఎదుటివాడి అభిరుచి మీద జాలి ఉండాలి. పెద్ద స్టూడియోల సినిమాల పేరెత్తితే అక్కడ మర్యాద దక్కదు. వాళ్ళ ప్రాణమంతా డెబ్బైలనాటి చిన్న కంపెనీల మీదే. ఏ బియ్యం వ్యాపారో, ఏ పళ్ళ డాక్టరో పెట్టుబడి పెడితే, కొండ పక్కన ఒక రాళ్ళ క్వారీ చూసుకుని, ఇరవై రోజుల్లో సినిమా చుట్టేసి, ఆ ఒక్క సినిమాతోనే బోర్డు తిప్పేసిన కంపెనీలవి.

ఆ బల్లకు పెద్ద దిక్కు లో పాక్‌కీ. మూలికల దుకాణం ఆయనది. రోగికి పొట్లం కడుతూ కూడా సినిమా కబుర్లే చెబుతాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆయన పక్కన మాక్, ముప్పై ఏళ్ళు డబుల్ డెక్కర్ బస్సు నడిపి రిటైరైనవాడు. ఎదురుగా చియూ, యావ్ మా తే లో అరవై కుర్చీల చిన్న సినిమా హాలు నడుపుతున్న నలభై ఐదేళ్ళ ఆవిడ. గోడవారగా తొంగ్ సౌహా. ఆమెకు డెబ్బై నడుస్తోంది. ఆరేళ్ళుగా ఆ బల్ల దగ్గరే టీ తాగుతున్నా ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. పోయిన భర్త ఇంటిపేరు వాన్ కాబట్టి అందరికీ వాన్ వదిన.

"'ఎనిమిది బెంచీల పగ' ముందు ఏదైనా దిగదుడుపే," అన్నాడు మాక్, కోడి కాలు చీకుతూ.

"నీకు అందులో నచ్చింది ఫైటింగా, వెనకాల పోయే బస్సా?" అంది చియూ.

"బస్సే. మంచూ రాజుల కాలంలో ఇద్దరు కత్తులు దూసుకుంటుంటే వెనకాల రోడ్డు మీద మా డిపో బస్సు పోతా ఉంటుంది. టైముకి పోతా ఉంటుంది, అదీ గొప్ప. ఏ స్టూడియోవాడు తియ్యగలడు చెప్పు అలాంటి షాటు?"

"నీ మొహం. 'గుడ్డి వంటవాడి గరిటె' చూడు. మొదటి నుంచి చివరి దాకా మనిషి కళ్ళు తెరవలేదు."

"తెరవకేం, రెండో రీల్లో గోడకి గుద్దుకోబోయి తెరిచాడు. నేను ఆపి చూశా."

పాక్‌కీ చిరునవ్వుతో అందరి కప్పుల్లో టీ పోశాడు. రెండు వేళ్ళతో బల్ల తట్టి అందరూ థాంక్స్ చెప్పాక, "చిన్న పిల్లలు ఆడుకోండి," అన్నాడు. "'తెల్ల గడ్డం, వెదురు కర్ర' ఉండగా మిగతావి మాట్లాడుకోవడం టైమ్ దండగ."

దానికి మాత్రం ఎవరూ ఎదురు చెప్పలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బెంచీల మీద, కిందికి దిగకుండా, ఒంటిచేత్తో కర్ర తిప్పుతూ ఆ వృద్ధ గురువు చేసే ఆఖరి పోరాటం అలాంటిది. ఏళ్ళ తరబడి చెడిపోయిన టేపుల్లో, మసకమసకగా చూసి కూడా వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

చియూ సంచిలోంచి కాగితాలు తీసింది. ఆ సినిమా అసలు నెగటివ్ దొరికింది. శుభ్రం చేయించిన కాపీ ఆమె హాలుకి వచ్చింది. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు తమ పాత సినిమాల క్లబ్బు సభ్యులకు వేసి చూపిస్తుంది, వచ్చే వారం ఊరందరికీ. ప్రేక్షకులకు పంచే పుస్తకం రేపు ఉదయం ప్రెస్సుకి వెళ్తుంది. ఆ కాగితాలు దాని ప్రూఫులు.

సౌహా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మూడో పేజీలో ఉంది ఆ వాక్యం. 'వృద్ధ గురువుకు డూప్: షుమ్ కిన్‌పో. నిర్ధారించినది: లో పాక్‌కీ.'

ఆమె చాప్‌స్టిక్స్ పక్కన పెట్టింది.

"ఇది తప్పు. ఆ బెంచీల మీద ఉన్నది నేను."

మాక్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. పాక్‌కీ ఆగలేదు.

"ఆరేళ్ళ కిందట బల్ల దగ్గరికొచ్చిన మొదటి వారమే ఈ జోకు వేశావు వదినా. బాగానే ఉంది గానీ, పాతబడింది."

ఆరోజు ఆయన నవ్విన నవ్వుకు టీ ముక్కులోకి వెళ్ళింది. 'గడ్డం అంటించుకున్నవాళ్ళందరూ గురువులైపోరు వదినా' అన్నాడు. ఆమె కూడా వాళ్ళతోపాటు నవ్వేసి, ఇంటికెళ్ళి మాడని బాణలిని గంటసేపు తోమింది. అప్పట్నుంచి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పేరు లేకపోతేనేం, సినిమా ఉంది కదా అని సరిపెట్టుకుంది. కానీ పేరు లేకపోవడం వేరు, తన పేరుండాల్సిన చోట ఇంకొకరి పేరు అచ్చుకావడం వేరు. ఆ పుస్తకం అచ్చయిందంటే ఇక ఆమె ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"ఎనిమిదో ఏట నాటకాల ట్రూపులో చేరాను. పదకొండేళ్ళు కాళ్ళు పైకెత్తే బతికాను. గురువు వేషం వేసిన నటుడు నా అంతే ఉండేవాడు, సన్నగా. 'గడ్డం పెడితే ఆడా మగా ఎవడికి తెలుస్తుంది' అని డైరెక్టరు నన్ను ఎక్కించాడు," అంది సౌహా.

"రుజువు?"

"నువ్వు రాసిన వ్యాసమే."

ఆ వ్యాసం క్లబ్బులో అందరికీ కంఠతా వచ్చు. పోరాడేటప్పుడు గురువు పెదాలు కదులుతుంటాయి, ఉన్నట్టుండి మూసుకుంటాయి, మళ్ళీ కదులుతాయి. అది ఉత్తరాది వీరులకు మాత్రమే తెలిసిన ఊపిరి బిగింపు విద్య అని పాక్‌కీ పదిహేను పేజీలు రాశాడు. అందుకే అది ఉత్తరాదివాడైన షుమ్ కిన్‌పో అని తేల్చాడు.

"ఊపిరీ లేదు, బిగింపూ లేదు," అంది సౌహా. "అప్పుడు సౌండు లేకుండా తీసేవాళ్ళు, మాటలు తర్వాత అతికించేవాళ్ళు. దెబ్బ దెబ్బకీ నేనూ ఎదుటి ఫైటరూ ఇద్దరం పైకే లెక్కపెట్టుకునేవాళ్ళం, తాళం తప్పకుండా. నేను నాలుగు మాత్రం అనను. మన భాషలో నాలుగన్నా చావన్నా ఒకలాగే పలుకుతుందా లేదా? మూడు నిలువుల ఎత్తున బెంచీల మీద నిలబడి ఎవరంటారు ఆ మాట? నాలుగో దెబ్బకి నోరు మూసుకునేదాన్ని. అదే నీ విద్య."

మాక్ కోడి కాలు గిన్నెలో పెట్టేశాడు. "మా బిల్డింగుకి నాలుగో అంతస్తే లేదు. మూడు, ఆ తర్వాత ఐదు," అన్నాడు మెల్లిగా.

పాక్‌కీ చెవులు ఎర్రబడ్డాయి. "నా వ్యాసం చదివినవాళ్ళు ఎవరైనా అల్లొచ్చు ఈ కథ," అన్నాడు.

ఆ మాటలో న్యాయం ఉంది. సౌహాకు కోపం వచ్చినా అది ఒప్పుకుంది. చియూ వైపు తిరిగింది.

"పాత టేపుల్లో పెదాలు కదలడం తెలుస్తుంది గానీ లెక్క అందదు. ఆ కొత్త కాపీ నువ్వు తప్ప ఎవరూ చూళ్ళేదు కదా. మధ్యాహ్నం ఆ ఫైటు సౌండు లేకుండా వెయ్యి. నేను తెరకి వీపు పెట్టి నిలబడి లెక్క చెబుతా. గురువు పెదాలకీ నా లెక్కకీ ఒక్క చోట తేడా వచ్చినా మీ ఇష్టమొచ్చిన పేరు వేసుకోండి. ఈ బల్ల దగ్గరికి కూడా మళ్ళీ రాను."

"యాభై ఏళ్ళయింది వదినా," అంది చియూ భయంగా.

"నాకూ తెలుసు."

రెండింటికి హాల్లో ముప్పై అయిదుమంది దాకా చేరారు. సంగతి అప్పటికే అందరికీ పాకింది. తొమ్మిదో నంబరు బల్ల దగ్గర పుట్టిన మాట ఏనాడూ అక్కడే ఆగలేదు. సౌహా బూట్లు విప్పేసి, మేజోళ్ళతో తెర ముందు నిలబడింది. లెక్క తప్పుతాననేది కాదు ఆమె భయం. ఈ కొత్త కాపీలో ఎక్కడ ఏ ముక్క కోసి, ఏది అతికించారో ఎవరికి తెలుసు? పాక్‌కీ మొదటి వరుసలో, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు.

"గురువు కర్ర అందుకున్నాడు," అని వెనకనుంచి అరిచింది చియూ. "ఇప్పుడు."

సౌహా కళ్ళు మూసుకుంది. ఆమె చేతులు వాటంతట అవే లేచాయి.

"ఒకటి, రెండు, మూడు." ఆగింది. "ఐదు, ఆరు, ఏడు."

ఆమె నెత్తి మీదుగా, తెర నిండుగా ఉన్న తెల్ల గడ్డం మధ్య పెదాలు కదిలాయి, కదిలాయి, కదిలాయి, మూసుకున్నాయి. మళ్ళీ కదిలాయి.

"ఒకటి, రెండు, మూడు." మౌనం. "ఐదు. ఇక్కడ తిరుగుడు. ఒకటి, రెండు. ఇక్కడ కట్ చేసి ఆయన మొహం పెట్టుంటారు, గడ్డం దువ్వుకుంటూ ఉంటాడు."

తెర మీద నటుడు గడ్డం దువ్వుకుంటున్నాడు. వెనక వరుసలో ఎవరో కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మళ్ళీ నేను. ఒకటి, రెండు, మూడు." నాలుగు మింగింది. "ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఆరో బెంచీ మీదికి. ఒకటి, రెండు," అంటూ సౌహా ఎడమ పాదం పైకెత్తింది. ఆ పాదం మడమ చలికాలమంతా ఆమెను బాధపెడుతూనే ఉంటుంది. ఎత్తిన పాదం దించకముందే ఆమె నోట్లోంచి అంకెకు బదులు వేరే మాట వచ్చింది.

"ఓరి నీ దుంపతెగ, బెంచీ జరిపిందెవడ్రా!"

తెర మీద బెంచీ పక్కకు జారింది. మహానుభావుడైన గురువు నోరు బార్లా తెరిచి, ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా, ఆ తిట్టే తిట్టాడు. మరుక్షణం ఒంటికాలి మీద నిలదొక్కుకుని కర్ర తిప్పాడు.

ఆ చోట డబ్బింగులో 'ధర్మం తప్పినవాడిని నేల కూడా మొయ్యదు' అని గంభీరమైన గొంతు వినిపిస్తుంది. క్లబ్బు మొత్తానికి అది వేదవాక్కు. పాక్‌కీ దాన్ని కుంచెతో రాయించి దుకాణంలో వేలాడదీసుకున్నాడు. హాలంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. మాక్ కుర్చీ చెయ్యి మీద కొట్టుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సౌహా మాత్రం ఆగలేదు. "ఐదు, ఆరు," అంటూ లెక్కలోనే ఉంది. నవ్వుతున్నవాళ్ళలో ఒకరు ఆమెతో గొంతు కలిపారు. తర్వాత ఇంకొకరు. ఆఖరి దెబ్బలకు వచ్చేసరికి ముప్పై అయిదుమందీ ఒకటి, రెండు, మూడు అని అరుస్తున్నారు, నాలుగో దెబ్బకు అందరూ ఒకేసారి నోరు మూస్తున్నారు. ఆ గోల వింటుంటే సౌహా వెన్ను నిటారుగా అయింది. పందొమ్మిదేళ్ళప్పుడు ఆ బెంచీల మీద నిలబడి లెక్కపెట్టింది. కింద చాపలు పరిచినవాళ్ళు తప్ప చూసినవాళ్ళు లేరు. ఈరోజు ఆ లెక్కకు హాలు హాలే తోడొచ్చింది. ఆమెకు పట్టలేనంత ఆనందం కలిగింది.

దీపాలు వెలిగాయి. అందరూ పాక్‌కీ వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"షుమ్ కిన్‌పో పద్నాలుగు సినిమాలు చేశాడు," అన్నాడు. "పదమూడింట్లో ఎక్కడా నోరు మూసినవాడు కాదు, పెదాలు ఆడిస్తూనే ఉండేవాడు. ఇందులో మాత్రమే మూశాడు కాబట్టి ఇదే అతని పరాకాష్ఠ అని రాశాను. ఆ మూసిన మనిషి వేరే ఎవరైనా కావొచ్చని నా బుర్రకి తట్టలేదు. ఆ మనిషి ఆరేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. తప్పు నాది వదినా. నవ్వాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు."

ఆయన చియూ చేతిలోంచి ప్రూఫు కాగితాలు లాక్కున్నాడు. మూడో పేజీ తీసి షుమ్ కిన్‌పో పేరు కొట్టేశాడు. కొట్టేసి, పెన్ను పట్టుకుని అలాగే ఆగిపోయాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"వాన్ వదిన అని అచ్చువెయ్యలేం కదా," అన్నాడు. "నీ పేరేంటి?"

మాక్ చియూ వంక చూశాడు. చియూ నేల వంక చూసింది. వాళ్ళకూ తెలియదు.

"డూప్ అన్న మాట కూడా కొట్టెయ్యి ముందు," అంది సౌహా. "మొహం ఆయనది, ఒళ్ళు నాది. వృద్ధ గురువు అని రాసి, ఇద్దరి పేర్లూ పక్కపక్కన పెట్టు."

పాక్‌కీ కొట్టేశాడు. నటుడి పేరు రాశాడు. ఆ పక్కన చోటు వదిలి కాగితమూ పెన్నూ ఆమెకే అందించాడు.

సౌహా కాగితాన్ని తెర అంచు గోడకు ఆనించి, మూడు అక్షరాలూ నిదానంగా, పెద్దగా రాసింది. పాక్‌కీ కళ్ళజోడు పైకి జరుపుకుని చూసి, హాలు వైపు తిరిగి, వెనక వరుసకు కూడా వినపడేలా చదివాడు.

"వృద్ధ గురువు, తొంగ్ సౌహా."